మేత దొరకని పన్నెండు మజిలీలు
లేహ్–యార్కంద్ వర్తక మార్గం: నాలుగవ భాగం

లదాఖ్ రాజధాని లేహ్ నుంచి తూర్పు తుర్కిస్తాన్‌లోని (ఇప్పుడు చైనా పాలనలో ఉన్న షిన్‌జియాంగ్) యార్కంద్ నగరానికి సుమారు 480 మైళ్ల దూరం, అంటే దాదాపు 770 కిలోమీటర్లు. బరువులు మోసే సార్థవాహాలు ఈ దూరాన్ని నడవడానికి నెల రోజులకు పైగా పట్టేది. ఖర్దుంగ్, సాసేర్, కారకోరం, సుగేత్, సంజూ అనే ఐదు కనుమలు ఈ దారికి అడ్డంగా ఉన్నాయి. ఇవన్నీ సుమారు 5,000 మీటర్లు, అంతకు మించిన ఎత్తులో ఉన్నాయి. శ్రీనగర్ నుంచి జోజీలా కనుమ మీదుగా లేహ్ చేరిన సరుకు అక్కడి బజారులో చేతులు మారి, కొత్త మూటలుగా కట్టుబడి, ఉత్తరానికి బయలుదేరడానికి సిద్ధమైన ఘట్టంతో గత భాగం ముగిసింది. ఆ మూటలు గుర్రాల వీపుకెక్కిన తరువాత లేహ్ వెనుక కొండల నుంచి కున్‌లున్ పర్వతాల ముంగిట ఉన్న షాహిదుల్లా మజిలీ వరకు సాగిన ప్రయాణం, ఆ ప్రయాణంలో మంచు తుఫాన్లు పోషించిన పాత్ర ఈ భాగానికి విషయం.

యూరోపియన్ యాత్రికుల గ్రంథాలలో ఈ బాట మీది తుఫాను ఎక్కువగా చలికి, గాలికి సంబంధించిన భయానక దృశ్యంగా కనిపిస్తుంది. అయితే వర్తకుల దృష్టితో, ముఖ్యంగా గుర్రాలను తోలినవారి దృష్టితో చూసినప్పుడు తుఫాను చేసిన అసలు హాని వేరే చోట ఉన్నదని తెలుస్తుంది. తుఫాను సార్థవాహాన్ని ఆపేది. ఆగిన ప్రతి పూటా గుర్రాలు దాణా తింటూనే ఉండేవి. వెంట తెచ్చిన దాణా అయిపోతే ఆ తరువాత ఆకాశం ఎంత నిర్మలంగా ఉన్నా గుర్రం నడవలేదు. చలి వల్ల చచ్చిన గుర్రాల కన్నా ఆలస్యం వల్ల చచ్చిన గుర్రాలే ఎక్కువ అని చెప్పడానికి ఈ దారి స్వరూపమే ఆధారం.

నుబ్రా లోయలోని చివరి పొలాలు దాటినప్పటి నుంచి షాహిదుల్లా పచ్చిక చేరేవరకు సుమారు పన్నెండు మజిలీల మేర, అక్కడక్కడా గుప్పెడు గడ్డి తప్ప మేతగా చెప్పదగినదేదీ లేదు. ఒక తట్టు గుర్రం 80 నుంచి 100 కిలోల బరువు మోస్తుందనీ, రోజుకు మూడు కిలోల బార్లీ తింటుందనీ అనుకుంటే, పన్నెండు రోజులకు 36 కిలోలు కావాలి. అంటే తాను మోయగల బరువులో మూడో వంతుకు పైగా ఆ గుర్రం తన తిండికే కేటాయించాలి. మరో మాటలో చెప్పాలంటే, సరుకు మోసే ప్రతి రెండు గుర్రాలకూ దాణా మోసే గుర్రం ఒకటి దాదాపుగా అవసరమయ్యేది. తెలుగుదేశపు చరిత్ర చదివినవారికి తూర్పు తీరపు ఉప్పును ఎద్దుల మీద కనుమలెక్కించి మధ్య భారతానికి చేరవేసిన లంబాడీల బిడారులు పరిచితమే. ఆ బిడారులు అడవుల్లో, బీళ్లలో పశువులను మేపుకుంటూ నడిచేవి గనుక వాటికి రవాణా ఖర్చు చాలా తక్కువగా ఉండేది, ఒకచోట నాలుగు రోజులు ఎక్కువ ఆగినా పశువులకు అది విశ్రాంతిగానే పరిణమించేది. కారకోరం బాటలో విశ్రాంతి అన్నదే నష్టం. అందువల్లనే ఉప్పు, ధాన్యం వంటి చవక సరుకు ఈ దారిన ఎంతో దూరం పోలేదు. బరువు తక్కువగా, వెల ఎక్కువగా ఉన్నవే ఐదు కనుమలూ దాటాయి. ఉత్తరానికి నూలు వస్త్రాలు, జరీబట్టలు, పగడాలు, నీలిమందు, సుగంధ ద్రవ్యాలు వెళ్లగా, దక్షిణానికి పట్టు, తివాచీలు, నమ్దాలు (ఉన్నిని తడిపి ఒత్తి చేసే దళసరి పరుపులు), వెండి దిమ్మెలు, అన్నిటికన్నా ముఖ్యంగా చరస్ (గంజాయి మొక్క జిగురు) వచ్చేవి. చరస్ వ్యాపారం పంజాబు ప్రభుత్వానికి సుంకాల రూపంలో మంచి రాబడి కావడం వల్ల అది 1930ల వరకు ఈ బాటకు ప్రాణాధారంగా నిలిచింది.

సరుకు వర్తకునిది, గుర్రం మరొకరిది. హోషియార్‌పూర్, కాశ్మీర్, యార్కంద్ వర్తకులు చాలావరకు లేహ్‌లోనో యార్కంద్‌లోనో కూర్చుని లావాదేవీలు నడిపేవారు. మూటకు ఇంత అని కిరాయి మాట్లాడుకుని, సొంత గుర్రాల మీద సరుకును గమ్యం చేర్చినవారిని ‘కిరాయాకష్’లు అనేవారు. వీరిలో అర్గోన్‌లు గణనీయంగా ఉండేవారు. యార్కంద్ లేదా కాశ్మీరు నుంచి వచ్చిన ముస్లిం వర్తకులకు, లదాఖీ స్త్రీలకు పుట్టిన సంతతిని ఆ పేరుతో పిలిచేవారు. రెండు వైపుల భాషలూ, రెండు వైపుల చుట్టరికాలూ ఉండడం వారికి ఈ వృత్తిలో పెద్ద బలం. దారిలో గుర్రం చస్తే ఆ నష్టం కిరాయాకష్‌దే. కాబట్టి తుఫాను వచ్చినప్పుడు ఆగాలా, నడవాలా అన్న నిర్ణయం మీద అతని ఇల్లు గడవడం, అతని అప్పు తీరడం ఆధారపడి ఉండేవి.

ఈ ప్రాంతపు వాతావరణాన్ని కొంత వివరించడం అవసరం. లేహ్‌లో ఏడాది మొత్తం కురిసే వర్షం, మంచు కలిపినా సుమారు 100 మిల్లీమీటర్లే. అంటే ఇది ఎడారి. నైరుతి రుతుపవనాలను హిమాలయ ప్రధాన శ్రేణి చాలావరకు అడ్డుకుంటుంది. కాని మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి, ఇరాన్, అఫ్గానిస్తాన్‌ల మీదుగా వచ్చే అల్పపీడనాలు (వాతావరణ శాస్త్రజ్ఞులు వీటిని పశ్చిమ అలజడులంటారు) శీతకాలమంతా, వసంతం చివరి దాకా ఎత్తైన కనుమల మీద మంచు కుమ్మరిస్తాయి. వేసవిలో సైతం రుతుపవన మేఘాలు అప్పుడప్పుడు ప్రధాన శ్రేణిని దాటి వస్తాయి. అవి లోయలో చిరుజల్లుగా రాలితే కనుమ మీద మంచుగా కురుస్తాయి. దీనికి తోడు ఎండకు వేడెక్కిన నేల మీది గాలి పైకి లేవడం వల్ల మధ్యాహ్నం తరువాత దాదాపు ప్రతిదినం బలమైన గాలి వీస్తుంది, నేల మీది పొడి మంచును, ఇసుకను లేపుకుని వస్తుంది. కారకోరం బాట మీద మంచు కురవని నెల లేదు.

సార్థవాహపు దినచర్య ఈ కారణాల చుట్టూనే ఏర్పడింది. రాత్రి చలికి మంచు గట్టిపడి ఉండగానే, చాలాసార్లు అర్ధరాత్రి దాటగానే బయలుదేరి కనుమ ఎక్కడం, సూర్యుడు నడినెత్తికి రాకముందే అవతలి వాలు దిగడం, గాలి లేచే వేళకు మూటలు దించి వాటినే గోడగా పేర్చుకుని దాని చాటున కూర్చోవడం అనుభవం నేర్పిన పద్ధతి. హిమానీనదాల నుంచి పుట్టే నదులు కూడా ఇదే కాలమానాన్ని పాటిస్తాయి; తెల్లవారుజామున మోకాలి లోతున్న ప్రవాహం సాయంత్రానికి గుర్రాన్ని ఈడ్చుకుపోయేంత అవుతుంది. కాబట్టి ఉదయం రెండు గంటలు మంచు కురిస్తే పోయేది రెండు గంటలు కాదు, ఒక రోజంతా.

మొదటి కనుమ ఖర్దుంగ్ లేహ్‌కు కనుచూపు మేరలోనే ఉన్నా, దాని ఉత్తరపు వాలు మీద ఆ కాలంలో నిటారైన హిమానీనదం ఉండేది. గుర్రాల గిట్టలు ఆ మంచు మీద నిలిచేవి కావు గనుక బరువులను జడల బర్రెల మీదికి మార్చి, గుర్రాలను ఖాళీగా నడిపించేవారు. జడల బర్రె నెమ్మదిగా నడుస్తుంది, కాని దాని అడుగు తప్పదు. కొత్తగా పడిన మంచులో ముందు నడిచి దారి చేయడానికి దానికి మించిన జంతువు లేదు. ఖర్దుంగ్ దిగితే నుబ్రా లోయ, పొలాలు, ఆప్రికాట్ తోటలు, పనామిక్ వద్ద వేడినీటి ఊటలు. సార్థవాహాలు పనామిక్‌లో కొన్ని రోజులాగి గుర్రాలకు కడుపునిండా మేతపెట్టి, దాణా కొని, కనుమ దాటించడానికి జడల బర్రెలను కిరాయికి మాట్లాడుకునేవి. నుబ్రా రైతుకు ఈ వర్తకం నుంచి దక్కిన రాబడి ముఖ్యంగా బార్లీ, ఎండుగడ్డి అమ్మకం మీద వచ్చినదే.

అసలు పరీక్ష సాసేర్ కనుమ దగ్గర. దీని ఎత్తు 5,411 మీటర్లు. కారకోరం కనుమ ఇంతకన్నా ఎత్తైనదైనా అది రాళ్లతో నిండిన ఏటవాలు మాత్రమే; వేసవిలో చాలా రోజులు దాని మీద మంచే ఉండదు. సాసేర్ మీద బాట కొన్ని కిలోమీటర్ల దూరం హిమానీనదం మీదుగానే పోతుంది. ఎండకు పైపొర కరిగి, రాత్రికి గాజులా గడ్డకట్టిన ఉపరితలం, మధ్యలో లోతైన మంచు నెర్రెలు, వాటిని కప్పేసిన కొత్త మంచు, అంచుల్లో హిమానీనదం తోసుకొచ్చి వదిలిన పదునైన రాళ్లగుట్టలు గుర్రాల కాళ్లను విరగ్గొట్టేవి. మంచు కురుస్తుండగా హిమానీనదం ఎక్కితే నెర్రెలు కనబడవు. కింద ఆగితే మేత లేదు. కనుమకు ఇరువైపులా ఉన్న మజిలీలలో రెండు మూడు రోజుల తరబడి చిక్కుకుని, తరువాతి పది రోజులకు ఉంచుకోవలసిన దాణాను అక్కడే తినిపించవలసి రావడం తరచుగా జరిగేది. సాసేర్ దాటగానే శ్యోక్ నది అడ్డం వస్తుంది. దాన్ని కూడా ఉదయపు వేళ దాటవలసిందే. మంచు వల్ల కనుమ మీద ఆలస్యమైన సార్థవాహం సాయంత్రానికి ఒడ్డు చేరి, ఎదుటి గట్టు మీది మజిలీని చూస్తూ ఈవలి ఒడ్డున మరో రాత్రి గడిపేది. 1925 శరత్కాలంలో ఈ దారిన వెళ్లిన రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ బృందం కూడా సాసేర్ మంచును, చచ్చిన గుర్రాల కళేబరాలను దాటుకునే ముందుకు సాగింది.

శ్యోక్ అవతల ముర్గో, బుర్త్సా మజిలీలు దాటితే దెప్సాంగ్ మైదానం. 5,000 మీటర్లకు పైగా ఎత్తున, చాటు అన్నదే లేకుండా పరచుకున్న ఈ గులకరాళ్ల బయలు ఒక రోజు నడక. ఎత్తైన పర్వతాల నడుమ ఇంత చదునైన నేల దొరకడం బాటసారికి ఊరట కావాలి. కాని గాలిని ఆపే గుట్ట ఒక్కటి కూడా లేకపోవడం వల్ల ఇది దారిలోకెల్లా భయపడవలసిన చోటయింది. ఇక్కడ వంటచెరకు ‘బుర్త్సే’ అనే పొట్టి పొద ఒక్కటే. దాని లావైన వేరును తవ్వి తీసి, ముందు వెళ్లిన సార్థవాహాల పశువుల ఎండుపేడతో కలిపి మంట వేసేవారు. మంచు కురిస్తే పొద కనబడదు, పేడ తడిసిపోతుంది; టీ కాచుకోవడానికి సైతం మంట దొరకదు. గుర్రాల వీపు మీది గంతలను రాత్రి కూడా తీసేవారు కారు, చెమట పట్టిన వీపుకు చల్లగాలి సోకితే గుర్రం తెల్లవారేసరికి బిగుసుకుపోతుందని వారి భయం. ఆ జాగ్రత్త వల్లే గంత కింద పుండ్లు పడి మరికొన్ని గుర్రాలు పనికిరాకుండా పోయేవి. మంచు మీది ఎండ కళ్లను దెబ్బతీస్తుంది కాబట్టి మనుషులు జడల బర్రె వెంట్రుకలతో అల్లిన పట్టీలను కళ్లకు అడ్డంగా కట్టుకునేవారు.

లేహ్ నుంచి యార్కంద్ దాకా ఈ దారిన నడిచినవారిలో ఎముకల ప్రస్తావన చేయనివారు దాదాపుగా లేరు. గుర్రాల, ఒంటెల, గాడిదల ఎముకలు కనుమల రెండు వైపులా గుట్టలుగా, దెప్సాంగ్ మీద వరుసగా పడి ఉండేవి. మంచు కప్పి దారి చెరిగినప్పుడు పైకి కనబడే ఎముకలను బట్టి బాట పోల్చుకునేవారు. వాటికన్నా ఎక్కువ ఆలోచింపజేసేది మరొక సంగతి. గుర్రాలు చచ్చి బరువు మోసేవి లేనప్పుడు మూటలను దారి పక్కన పేర్చి, పైన నమ్దా కప్పి, రాళ్లు పెట్టి వదిలేసేవారు. యజమాని మనుషులు కొత్త గుర్రాలతో, కొన్నిసార్లు మరుసటి రుతువులో, వచ్చి తీసుకుపోయేవరకు అవి అక్కడే ఉండేవి. పట్టు మూటలనూ చరస్ సంచులనూ ఎవరూ ముట్టుకునేవారు కారని ఎందరో యాత్రికులు రాశారు. దీన్ని కేవలం నీతిగా చూడడం కన్నా, రేపు తన మూట కూడా ఇలాగే ఉండవలసి రావచ్చునని ప్రతి కిరాయాకష్‌కూ తెలిసిన ఒక అలిఖిత ఒప్పందంగా గుర్తించడం న్యాయం. పోలీసు, న్యాయస్థానం లేని ప్రదేశంలో శతాబ్దాల వర్తకాన్ని నిలబెట్టిన వ్యవస్థల్లో దీనికి సముచితమైన స్థానం చరిత్ర గ్రంథాలు ఇవ్వలేదు.

తుఫానుకు, ఆకలికి తోడుగా ఎత్తు పనిచేసేది. సముద్రమట్టంతో పోలిస్తే 5,500 మీటర్ల ఎత్తున శ్వాసకు అందే ప్రాణవాయువు సుమారు సగమే. క్రీస్తుశకం ఒకటో శతాబ్దంలో సంకలితమైన చైనా హాన్ వంశ చరిత్రలోనే ఈ దిక్కు పర్వతాలకు ‘పెద్ద తలనొప్పి కొండ’, ‘చిన్న తలనొప్పి కొండ’ అన్న పేర్లు కనిపిస్తాయి. మనుషులతో పాటు గాడిదలు, పశువులు కూడా అక్కడ జబ్బుపడతాయని అందులో ఉంది. బాబరు పినతల్లి కొడుకు, తరువాతి కాలంలో కాశ్మీరును ఏలిన మిర్జా హైదర్ దుఘ్లాత్ తన పారసీక చరిత్ర ‘తారీఖ్-ఇ-రషీదీ’లో ఈ వ్యాధిని ‘దమ్‌గిరి’ (ఊపిరి పట్టేయడం) అని పేర్కొని దాని లక్షణాలను వివరంగా నమోదు చేశాడు. ఆ వివరణ వెనుక ఒక సొంత నష్టం ఉంది. అతని ప్రభువు, యార్కంద్ పాలకుడు సుల్తాన్ సయీద్ ఖాన్ లదాఖ్ దండయాత్ర నుంచి తిరిగి వెళుతూ 1533లో ఈ వ్యాధితోనే కారకోరం కనుమకు దక్షిణంగా మరణించాడు. ఆ చోటును దౌలత్ బేగ్ ఓల్డీగా గుర్తిస్తున్నారు. కిరాయాకష్‌లు మనుషులకు, గుర్రాలకు ఉల్లి, వెల్లుల్లి, ఎండు ఆప్రికాట్లు తినిపించడం, గుర్రం ముక్కు దగ్గర గాటు పెట్టి రక్తం తీయడం వంటి చికిత్సలు చేసేవారు. కిందికి దిగడమే దీనికి అసలైన చికిత్స అని ఆధునిక వైద్యం చెబుతుంది; తుఫానులో చిక్కుకున్నవాడికి దక్కనిది సరిగ్గా అదే.

1874 జూన్ 19న ముర్గో మజిలీలో కన్నుమూసిన ఫెర్డినాండ్ స్తోలిచ్కా మరణం ఎత్తు ఎంత ప్రమాదకరమో చెప్పడానికి స్పష్టమైన ఉదాహరణ. మొరావియాలో పుట్టి, భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో చేరి, దక్షిణ భారతపు క్రెటేషియస్ కాలపు శిలాజాల మీద ప్రామాణిక గ్రంథం రాసిన ఈ శాస్త్రజ్ఞుడు, బ్రిటిష్ ప్రభుత్వం యార్కంద్‌కు పంపిన ఫోర్సిత్ దౌత్య బృందంతో తిరిగి వస్తూ, కారకోరం కనుమను, దెప్సాంగ్‌ను దాటిన తరువాత ప్రాణం విడిచాడు. అప్పటికి అతని వయస్సు 36 ఏళ్లు. ఒక ప్రభుత్వం సమకూర్చగల గుర్రాలు, గుడారాలు, వైద్యుడు అన్నీ ఉన్న బృందంలోనే ఇది జరిగింది. ఆ తరువాత 1908లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ కున్‌లున్ మంచులో మంచుకాటుకు గురై, నడవలేని స్థితిలో ఇదే బాట మీదుగా లేహ్ చేరగా, అతని కుడి పాదపు వేళ్లను అక్కడ తొలగించవలసి వచ్చింది.

వేసవి బాటను ‘తాబిస్తానీ’ అనీ, శీతకాలపు బాటను ‘జమిస్తానీ’ అనీ పిలిచేవారు. నదులు గడ్డకట్టే నెలల్లో సాసేర్ హిమానీనదాన్ని తప్పించుకుని శ్యోక్ నది పడకలోనే నడిచేవారు. నదిని మళ్లీ మళ్లీ దాటుతూ, పలచని మంచు మీద గడ్డి, ఇసుక చల్లి గుర్రాలను నడిపేవారు. ఈ మార్గానికి వేరే ఆపద ఉంది. కుమ్‌దన్ హిమానీనదాలు ముందుకు జరిగి నదికి అడ్డంగా గోడ కట్టినప్పుడు దారి మూసుకుపోయేది. ఆ గోడ తెగినప్పుడు వరద వచ్చేది. 1929 ఆగస్టులో చోంగ్ కుమ్‌దన్ ఆనకట్ట తెగి వచ్చిన వరద సింధునది మీద ఎంతో దూరం దాకా కనబడింది.

1870లో కాశ్మీరు మహారాజు రణబీర్ సింగ్, వైస్రాయ్ లార్డ్ మేయో ప్రభుత్వం చేసుకున్న వర్తక ఒడంబడికతో ఈ బాట మీద మొదటిసారి ఒక ప్రభుత్వ బాధ్యత ఏర్పడింది. మార్గం మీద సుంకాలు రద్దయ్యాయి, లేహ్‌లో ఇద్దరు జాయింట్ కమిషనర్లు నియమితులయ్యారు, సరాయిలు, దాణా కొట్లు వెలిశాయి. ఈ ఒడంబడికను మధ్య ఆసియాలో రష్యాతో సాగిన పోటీలో ఒక అడుగుగా వివరించడం పరిపాటి, అందులో నిజం ఉంది కూడా. కాని కిరాయాకష్‌కు దానిలో పనికొచ్చినది సుంకం రద్దు కన్నా దాణా కొట్టే. మంచు వల్ల మూడు రోజులు ఆగినవాడికి ఒక బస్తా బార్లీ దొరికితే అతని గుర్రాలు బతుకుతాయి. నుబ్రా దాటి ఉత్తరానికి ఇలాంటి కొట్లను చాలినన్ని నిలబెట్టడం మాత్రం ఎప్పటికీ సాధ్యపడలేదు, ఆ బార్లీని అక్కడికి చేర్చడానికి కూడా అదే మంచులో అవే గుర్రాలు నడవాలి కనుక.

ఈ దారిన నడిచిన సేవకులలో తన కథను తానే చెప్పుకున్న గులాం రసూల్ గల్వాన్‌ను ప్రత్యేకంగా స్మరించాలి. లేహ్‌లో నిరుపేద కుటుంబంలో పుట్టి, బాల్యం నుంచే యూరోపియన్ల యాత్రలలో గుర్రాలు తోలి, చివరకు లేహ్‌లో ‘అక్సకాల్’ (వర్తకుల పెద్ద) పదవికి ఎదిగిన ఈ వ్యక్తి ఆత్మకథ 1923లో ఆంగ్లంలో వెలువడింది. గల్వాన్ నది అతని పేరునే మోస్తున్నది. అతనిది తప్ప మిగిలిన గ్రంథాలన్నీ గుర్రం మీద కూర్చున్నవారు రాసినవే కావడం వల్ల, తుఫానులో గుర్రం పగ్గం పట్టుకుని ముందు నడిచినవాడి అనుభవం మనకు చాలా తక్కువగా అందింది. ఈ లోటు చిన్నది కాదు. 1949 చివరలో ఈసా యూసుఫ్ అల్ప్‌తెకిన్, ముహమ్మద్ అమీన్ బుఘ్రాల నాయకత్వంలో షిన్‌జియాంగ్ విడిచి వచ్చిన శరణార్థులు శీతకాలపు ముంగిట ఈ కనుమలు దాటి లదాఖ్ చేరినప్పుడు, కొందరు దారిలోనే మరణించారు, కొందరు మంచుకాటుకు వేళ్లు కోల్పోయారు. ఆ బృందాలను సైతం నడిపించినవారు గుర్రాలు తోలేవారే.

దౌలత్ బేగ్ ఓల్డీ నుంచి కారకోరం కనుమ ఎక్కడం, అక్‌తాగ్ మీదుగా సాగి సుగేత్ కనుమ దాటడం సార్థవాహానికి సాసేర్ అంత కష్టం కాదు. ఆ నడక ఎలా సాగేదన్నది అప్పటికి మిగిలిన గుర్రాల బలాన్ని బట్టి ఉండేది. సుగేత్ దిగగానే పొదలు, నీరు, కారాకాష్ నది ఒడ్డున షాహిదుల్లా పచ్చిక వచ్చేవి. అక్కడ కిర్గిజ్ పశుపాలకులు ఒంటెలను, జడల బర్రెలను కిరాయికిచ్చేవారు. చిక్కిపోయిన గుర్రాలను మేతకు వదిలి, సంజూ కనుమ కోసం కొత్త పశువులను మాట్లాడుకుని, దారిలో వదిలిన మూటల కోసం మనుషులను వెనక్కి పంపేవారు. యార్కంద్ పొలాలు అక్కడికి మరో వారం పది రోజుల దూరం. 1888లో కారకోరం కనుమ సమీపంలో జరిగిన స్కాట్లాండ్ వర్తకుడు ఆండ్రూ డాల్‌గ్లీష్ హత్య, హంతకుని వెతుకుతూ బయలుదేరిన హామిల్టన్ బోవర్‌కు కుచాలో దొరికిన భూర్జపత్ర ఆయుర్వేద గ్రంథం తరువాతి భాగంలో చర్చకు వస్తాయి.

(సశేషం)